నురగ రాని నీళ్ళు

"నోరు తెరవండి," అన్నాడు డెంటిస్టు.

ఏజెంట్ తొమ్మిది నోరు తెరిచాడు. డెంటిస్టు చిన్న అద్దం ఒకటి లోపలికి దోపి, తలుపు వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"మీ గొడుగేదీ?"

"హిల్లు హడింది."

"సరిగ్గా చెప్పు."

తొమ్మిది అద్దాన్ని చేత్తో పక్కకి తోశాడు. "చిల్లు పడింది. రిపేరుకిచ్చాను."

కోడ్ సరిపోయింది. డెంటిస్టు మాస్కు గడ్డం కిందికి లాక్కున్నాడు. డిపార్ట్‌మెంట్‌లో అందరూ పెదనాన్న అని పిలిచే పెద్ద తలకాయ ఇతనే. ఇరవయ్యారేళ్ళ సర్వీసులో తొమ్మిదికి ఈ పెదనాన్న మంగలిగా కనిపించాడు, దర్జీగా కనిపించాడు, ఒకసారి గడియారాలు బాగుచేసేవాడిగా కూడా కనిపించాడు. ఏ వేషంలోనూ ఆ పని వచ్చినవాడిలా మాత్రం కనిపించలేదు. తొమ్మిదికి నిజంగానే పన్ను నొప్పిగా ఉంది. ఆ సంగతి చెప్పుకోవడానికి ఇది చోటు కాదని ఊరుకున్నాడు.

"పదకొండు నెలలుగా ఆ ల్యాబ్‌లో ఉన్నావ్. ఏం తేల్చావ్?"

"ఆరు నెలలు గాజుగొట్టాలు కడిగాను. ఐదు నెలలు నింపాను."

"నేనడిగింది త్రికోణం సంగతి."

త్రికోణం అంటే విదేశీ గూఢచారి ముఠా. ఈ మధ్య వాళ్ళ కన్ను ఒక ముసలి చమురు క్షేత్రం మీద పడింది. నలభై ఏళ్ళు తోడాక ఆ బావులు ఎండిపోయాయని లోకమంతా అనుకుంటోంది కానీ, సగానికి పైగా నూనె ఇంకా కింద రాళ్ళని పట్టుకునే ఉంది. దాన్ని వదిలించే సర్ఫాక్టెంట్ అనే మందు ఒకటి ఆ క్షేత్రం ల్యాబ్‌లో తయారైంది. త్రికోణానికి రెండు కావాలి. ఫార్ములా తమ చేతికి రావాలి. ఇక్కడ మాత్రం ప్రయోగం తుస్సుమనాలి. అప్పుడు క్షేత్రాన్ని తుక్కు కింద వేలం వేస్తారు, వీళ్ళ దొంగ కంపెనీ కొనుక్కుంటుంది.

"ఫార్ములా పోయిన నెలే సరిహద్దు దాటింది," అన్నాడు పెదనాన్న. "ఇవాళ సాయంత్రం నాలుగింటికి బావిలోకి మొదటి ఇంజెక్షన్. దాన్ని చెడగొట్టే మనిషి లోపలే ఉంది. మన ఏజెంట్ సెంటు కనిపెట్టింది."

"ఎవరట?"

"చీఫ్ కెమిస్టు."

తొమ్మిది కుర్చీలో లేచి కూర్చున్నాడు. "అక్కయ్యగారా?"

"నీకు అక్కయ్య ఎప్పుడైందయ్యా?"

"అందరూ అలాగే పిలుస్తారు సార్. సాక్ష్యం ఏముంది?"

"సెంటు మాట ఉంది. రెండేళ్ళ క్రితం త్రికోణంలోకి మనమే పంపిన మనిషి. పైగా చీఫ్ కెమిస్టు నోట్‌బుక్ రోజూ ఇంటికి తీసుకెళ్తోందని రెండో నెల రిపోర్టులో నువ్వే రాశావ్."

రాశాడు. ఆ నెల రాయడానికి ఇంకేమీ దొరకక రాశాడు.

"మూడూ నలభై అయిదుకి సాఫ్ట్‌నర్ షెడ్డు వెనక లాండ్రీ వ్యాను ఉంటుంది. నల్లమూత పెన్ను వాడు. వ్యాన్లో పడెయ్. తర్వాతిది మన పని కాదు."

ఆ వ్యాను సంగతి తొమ్మిదికి తెలుసు. తన చేతుల మీదుగా ముగ్గురు ఎక్కారు. ముగ్గురిలో ఒక్కరూ తిరిగి కనిపించలేదు. వాళ్ళలో ఒకరి విషయంలో పొరపాటు జరిగిందని ఏడాది తర్వాత ఫైల్లో చిన్న చీటీ అంటించారు. ఆ చీటీ చదివిన రోజు నుంచి అతనికి నిద్ర పట్టినా బడలిక తీరడం లేదు.

"సార్, నాలుగు దాటేదాకా ఆగుదాం. నేను కళ్ళారా చూసి..."

"కళ్ళారా చూసేది కోర్టువాళ్ళు. మనం చెప్పింది చేసేవాళ్ళం. పుక్కిలించు."

తొమ్మిది పుక్కిలించి వచ్చేశాడు.

ల్యాబ్‌లో అతన్ని అందరూ గొట్టాల బాబాయి అంటారు. దొంగ పేరు, దొంగ సర్టిఫికెట్లు, నెరిసిన జుట్టుకి దొంగ నలుపు, వీటన్నిటి కిందా అతను చేసే పని మాత్రం నిజం. ముడి చమురు, ఉప్పునీరు, సర్ఫాక్టెంట్ సన్నటి గాజుగొట్టంలో పోసి, మూతి కాల్చి మూసి, భూగర్భంలో ఉండేంత వేడి పెట్టిన ఓవెన్‌లో రోజుల తరబడి నిలబెట్టాలి. పనికిరాని మందైతే నూనె పైన, నీళ్ళు కింద, ఎవరి దారి వాళ్ళది. పనికొచ్చేదైతే రెంటికీ మధ్య మూడో పొర ఒకటి పుడుతుంది, పలచటి టీ రంగులో. గొట్టాన్ని మెల్లిగా వంచితే ఆ పొర ముద్దకట్టకుండా సాఫీగా జారాలి. బాబాయి మూడు వేల పైచిలుకు గొట్టాలు వంచాడు. నూట ఎనభై నాలుగో రకం మందుకి ఆ పొర మొదటిసారి కనిపించినప్పుడు ల్యాబ్ మొత్తంలో ముందు అరిచింది అతనే. గూఢచారి అరవకూడదు. ఆ రోజు ఆ సంగతి మరిచిపోయాడు.

"వచ్చావా తమ్ముడూ? దవడ వాచినట్టుందే," అంది అక్కయ్యగారు తల ఎత్తకుండానే.

యాభై ఎనిమిదేళ్ళ మనిషి. కళ్ళజోడు ఒక కాడ విరిగితే ప్లాస్టర్ చుట్టుకుంది. ఈ మందు మీద పంతొమ్మిదేళ్ళు పెట్టింది. మధ్యలో రెండు ప్రయోగాలు నీళ్ళలో కలిశాయి, నలుగురు డైరెక్టర్లు మారారు. ఇంట్లో భర్త "సబ్బులావిడ వచ్చింది" అని ఆటపట్టిస్తాడట. ఆవిడ దానికి కోపం తెచ్చుకోదు, ఎందుకంటే చేసేది సబ్బే. బాబాయి చేరిన మొదటి రోజు ఆవిడ చెప్పిన పాఠం కూడా అదే: "కింద నూనె చెరువులా ఉండదు తమ్ముడూ. రాయి సందుల్లో ఉంటుంది, మాడిన మూకుడుకి జిడ్డు పట్టినట్టు. నీళ్ళెన్ని పోసినా కదలదు. సబ్బు తగలాలి. ఆ రాతికీ ఆ ఉప్పుకీ సరిపడే సబ్బు దొరికిందా, తలంటు పోసినట్టే."

"ఇంకో మాట," అంది ఇప్పుడు. "ఫైనల్ రిపోర్టులో నీ పేరు కూడా పెట్టాను. మూడోది. సంతకం చెయ్."

"నాదెందుకండీ? నేను గొట్టాలు..."

"గొట్టాలు లేకపోతే రిపోర్టేముంది? చెయ్యి."

బాబాయి జేబులో రెండు పెన్నులున్నాయి. నీలమూతది రాస్తుంది. నల్లమూతది గుచ్చితే మనిషి నాలుగు గంటలు లేవడు. కిందటేడు హడావుడిలో నల్లదానితో హాజరు వెయ్యబోయి, వేలికి గుచ్చుకుని, పాత ఆఫీసు మెట్ల మీదే మధ్యాహ్నం దాకా పడుకున్నాడు. ఆ రోజుకి హాజరు కూడా పడలేదు. ఇప్పుడు చూసి చూసి నీలమూత తీశాడు. ఇరవయ్యారేళ్ళలో తను చేసిన పని మీద తన పేరు పడటం ఇదే మొదలు, ఆ పడేది కూడా తనది కాని పేరు. సంతకం చేసి మూత బిగించాడు.

ఈవిడా? అనుకున్నాడు. పదకొండు నెలలు తిరగేసి చూసుకున్నాడు. నోట్‌బుక్ ఇంటికి తీసుకెళ్ళేది, పొద్దున రాసింది రాత్రి సరిచూసుకోవడానికి. ఒకరోజు ఆవిడ ఇంటికి వెళ్ళినప్పుడు మార్జిన్లలో దిద్దిన ఎర్ర గీతలు తనే చూశాడు. అది రిపోర్టులో రాయలేదు. డిపార్ట్‌మెంట్‌కి కావలసింది అనుమానాలే కానీ, అవి తీరిన కబుర్లు కాదు.

వరండాలో హైహీల్స్ చప్పుడు, దానికి నాలుగడుగుల ముందు పరిమళం. సర్ఫాక్టెంట్‌కి ముడిసరుకు అమ్మే కంపెనీ పంపిన నిపుణురాలినని చెప్పుకుంటూ రెండు నెలలుగా తిరుగుతోంది సెంటు. ఆమె నడిచి వెళితే ఫిట్టర్లు స్పానర్లు జారవిడుస్తారు. బాబాయి పక్కనుంచి పోతూ పెదవి కదలకుండా అడిగింది.

"పెన్నులో సిరా ఉందా?"

"ఉంది."

"ఆలస్యం చెయ్యకు. జాలిపడకు."

"ఆమే అని నీకెలా తెలుసు?"

"నాకు తెలుసు. అది చాలు," అని చిన్నగా నవ్వి వెళ్ళిపోయింది. ఆ నవ్వు చాలా అందంగా ఉంది. బాబాయికి మాత్రం ఆవలింత వచ్చింది.

ఇంజెక్షన్ హడావుడిలో అందరికీ భోజనాలు ఆలస్యమయ్యాయి. మూడున్నరకి బాబాయి నాలుగు ముద్దలు మింగి, డబ్బా, గ్లాసు పట్టుకుని సాఫ్ట్‌నర్ షెడ్డు వెనక పంపు దగ్గరికి వెళ్ళాడు. ఆ క్షేత్రంలో అదొక అలవాటు. అక్కడి బోరునీళ్ళు సున్నం. సబ్బు నురగ రాదు, గిన్నె జిడ్డు పోదు. ఆ నీళ్ళే బావిలోకి పోతే అక్కయ్యగారి మందు కూడా పాలలా విరిగి, రాతి సందులన్నిటినీ మూసేస్తుంది. ఇక జన్మలో ఆ బావి తెరుచుకోదు. అందుకే షెడ్డులో పెద్ద సాఫ్ట్‌నర్ పెట్టి నీళ్ళలో సున్నం తీసేస్తారు. శుభ్రమైన ఆ నీళ్ళ పైపుకి ఎవడో పుణ్యాత్ముడు ఎప్పుడో దొంగతనంగా ఒక పంపు బిగించాడు. ఏ డ్రాయింగులోనూ లేదది. డైరెక్టర్ నుంచి స్వీపర్ దాకా డబ్బాలు కడుక్కునేది మాత్రం అక్కడే.

బాబాయి పీచుకి సబ్బు రాసి డబ్బా తోమాడు.

నురగ రాలేదు.

ఇంకొంచెం రాశాడు. తెల్లటి చెత్త ముద్దలుగా డబ్బాకి అంటుకుంది. నీళ్ళు పోస్తే పోలేదు. గోటితో గీకాడు. పదకొండు నెలలుగా రోజూ ఇక్కడే కడుగుతున్నాడు, ఒక్క రోజూ ఇలా లేదు. డబ్బా అక్కడే వదిలేసి షెడ్డు తలుపు తోశాడు.

లోపల సాఫ్ట్‌నర్ ట్యాంకు, ఇంజెక్షన్ పంపు, గోడవారగా సర్ఫాక్టెంట్ డ్రమ్ములు. నీళ్ళూ మందూ కలిసేది పంపు మూతి దగ్గరే. అందుకే ముందుగా విరగడం ఎవరికీ కనబడదు. బాబాయి మోకాళ్ళ మీద కూర్చుని పైపు వెంట వెళ్ళాడు. మోకాళ్ళు రెండూ కలుక్కుమన్నాయి. ట్యాంకుని తప్పించి బోరునీళ్ళని నేరుగా వదిలే బైపాస్ వాల్వు పావు చుట్టు తెరిచి ఉంది. పైన గుడ్డ చుట్టి ఉంది. నీళ్ళలో సున్నం, అంటే హార్డ్‌నెస్, ఎంతుందో కొలిచే మీటరు తీగ పైపులోకి పోవడం లేదు. డిస్టిల్డ్ వాటర్ క్యాన్లో మునిగి హాయిగా ఉంది. పైన కంట్రోల్ రూములో అది సున్నా చూపిస్తోందంటే ఆశ్చర్యమేముంది!

గోడ మీది ఇంటర్‌కమ్ తీశాడు. "అక్కయ్యగారూ, హార్డ్‌నెస్ ఎంతుంది?"

"సున్నా తమ్ముడూ! పొద్దున్నుంచీ సున్నాయే. పంతొమ్మిదేళ్ళలో ఇంత మంచి నీళ్ళు చూళ్ళేదు." ఆ గొంతునిండా సంబరమే. ఈ గొంతు అబద్ధం ఆడటం లేదు. ఈ గొంతుని తను వ్యానెక్కించబోయాడు.

"అక్కయ్యగారూ, వినండి, పంపు ఆన్..."

లైను తెగింది. ఎర్రరంగు గోరున్న వేలొకటి మీట మీద ఉంది. రెండో చేతిలో సైలెన్సర్ బిగించిన పిస్టల్.

"డబ్బా కడుక్కోవడానికి వచ్చి ఇంత దూరం ఎందుకు వచ్చావ్?" అంది సెంటు.

"ఎవరి తరఫున?"

"మొదట మీ తరఫునే. ఆర్నెల్ల తర్వాత వాళ్ళ తరఫున. ఇప్పుడు పొద్దున్నే లేచి ఏ తరఫో గుర్తుతెచ్చుకోవాల్సి వస్తోంది." ఆమె కళ్ళ కింద పౌడరు దాటి నలుపు కనిపించింది. "నువ్వూ అలిసిపోయావ్, నేనూ అలిసిపోయాను. ముసలావిడని ఇచ్చెయ్. నాలుగు దాటితే ఇద్దరం ఇంటికి పోదాం. ఆమె చేసిందనే ఫైలు మూస్తారు."

"ఆవిడకి ఆ వ్యాను అంటే ఏంటో కూడా తెలీదు."

"మంచిదేగా. పెన్ను తీసి కింద పడెయ్. ఎడమ జేబు."

బాబాయి రెండు పెన్నులూ తీసి కింద వేశాడు. అవి దొర్లుకుంటూ పోయాయి. గోడ మీద గడియారం మూడూ యాభై తొమ్మిది చూపిస్తోంది. బయట వ్యాను ఇంజన్ మెల్లిగా ఆడుతోంది. పైన స్పీకరు ఖంగుమంది. "అందరూ వినండి. ఇంకో నిమిషంలో ఇంజెక్షన్. లెక్క నేనే పెడతాను." అక్కయ్యగారి గొంతు.

షెడ్డు తలుపు మీద రబ్బరు బూట్లు లేనిదే లోపలికి రాకూడదని ఎర్రక్షరాలతో రాసి ఉంది. సెంటు కాళ్ళకి మూడంగుళాల హీల్స్ ఉన్నాయి. బాబాయి వెనక్కి ఒక అడుగు, ఇంకో అడుగు వేసి, డ్రమ్ముకి ఆనుకుని, వీపు వెనక చేత్తో దాని కొళాయి పూర్తిగా తిప్పాడు.

చిక్కటి సర్ఫాక్టెంట్ చప్పుడు లేకుండా నేల మీద పరుచుకుంది. రాతినుంచే నూనెని జార్చే మందు, సిమెంటు ఒక లెక్కా?

"కదలకు!" అంటూ సెంటు ఒక అడుగు ముందుకి వేసింది. ఆ అడుగు ఆమె చెప్పిన చోట ఆగలేదు. పిస్టల్ ఒకవైపు, హీల్ ఒకవైపు, మనిషి ఒకవైపు పోయి, దబ్బున పడింది. బాబాయి పంపు ఆపే ఎర్రబటన్ వైపు ఉరికాడు. అతను కూడా పడ్డాడు. రబ్బరు బూట్లు ఉన్నా పడ్డాడు. మంచి మందని ఆ క్షణంలోనే తెలిసింది.

"పది... తొమ్మిది..."

ఆ బటన్ ఎదుటి గోడ మీద ఉంది. లేవబోతే మోచెయ్యి జారింది. సెంటు అతని కాలు పట్టుకుంది. అదీ జారింది. ఇద్దరూ చేపల్లా కొట్టుకున్నారు.

"ఏడు... ఆరు..."

చేతికి పెన్ను తగిలింది. సెంటు భుజంలో గుచ్చాడు. నీలం మచ్చ పడింది.

"నీ మొహం!" అంది సెంటు.

"నాలుగు..."

రెండోది ఆమె చెయ్యి కిందే ఉంది. ఇద్దరూ ఒకేసారి అందుకోబోయారు, ఇద్దరి వేళ్ళలోంచీ జారింది, మూత ఊడింది. దాని మీద సెంటే మోచెయ్యి ఆనించింది. "అయ్యో" అంది చాలా మామూలుగా, ఎవరో గ్లాసు ఒలకబోసుకున్నట్టు. తల వాలిపోయింది.

"రెండు..."

బాబాయి డ్రమ్ముని రెండు కాళ్ళతో తన్ని, పొట్ట మీద జారుకుంటూ షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరకి పోయి, గోడకి నెత్తి కొట్టుకుని, పైకి చాచిన అరచేత్తో బటన్ నొక్కాడు.

పంపు ఒక్కసారి గుర్రుమని ఆగిపోయింది.

"ఎవడ్రా ఆపింది?" అంటూ రెండు నిమిషాల్లో అక్కయ్యగారు మెట్లు దిగి వచ్చింది. తలుపు దగ్గరే ఆగింది. నేలంతా మందు, దాంట్లో అందగత్తె ఒకామె నిద్ర, గోడవారన గొట్టాల బాబాయి. అతను క్యాను వైపు చూపించాడు. తర్వాత బైపాస్ వైపు. తర్వాత, "బయట నా డబ్బా ఉంది, చూడండి" అన్నాడు.

ఆవిడ బయటికి వెళ్ళింది. తిరిగి వచ్చినప్పుడు చేతిలో డబ్బా ఉంది. దాని తెల్లటి ముద్దల్ని వేలితో రాస్తూ అక్కడే స్టూలు మీద కూలబడింది. "ఇంకొక్క క్షణమైతే..." అంది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

అప్పుడే లాండ్రీ వ్యానువాళ్ళు ఇద్దరు లోపలికి వచ్చారు. ఒకడు చేతిలో కాగితం పైకి చదివాడు. "ఆడమనిషి. యాభై ఎనిమిదేళ్ళు. కళ్ళజోడు, ఒక కాడకి ప్లాస్టర్..." అని ఆగి, అక్కయ్యగారిని చూశాడు.

"కాగితం తప్పు," అన్నాడు బాబాయి. "కింద పడుకున్నావిడ. పెదనాన్నకి నేను చెబుతాను. మెలకువ రాగానే వాల్వు సంగతి అడగమనండి. కోర్టుకి తీసుకెళ్ళమనండి. ఈసారి చీటీ అంటిస్తే నేను ఊరుకోను."

వాళ్ళు రెండుసార్లు జారి, సెంటుని మోసుకుపోయారు. షెడ్డులో ఇద్దరే మిగిలారు.

"ఆ కాగితంలో ఉన్నది నేనేగా తమ్ముడూ?"

అబద్ధాలు అతని దగ్గర ఇరవయ్యారేళ్ళ నిల్వ ఉన్నాయి. ఒక్కటి కూడా ఎత్తబుద్ధి కాలేదు.

"మీరేనండీ."

"నన్ను అప్పజెప్పడానికేనా ఇన్నాళ్ళూ ఇక్కడున్నది?"

"ఉన్నది అందుకు కాదండీ. కానీ పొద్దున చెప్పారు. నేను సరేనని వచ్చాను."

"పొద్దున్నుంచీ నీకు తెలుసు. తెలిసీ నా పక్కన నిలబడి సంతకం పెట్టావ్."

"పెట్టానండీ. నన్ను క్షమించమని అడగను. అడిగే మొహం లేదు."

ఆవిడ మొహం ఎర్రబడింది. కొడుతుందేమో అనుకున్నాడు. కొడితే బాగుండును అని కూడా అనుకున్నాడు. ఆవిడ లేచి, బైపాస్ వాల్వు రెండు చేతులా గట్టిగా బిగించి, మీటరు తీగ క్యాన్లోంచి పీకి, పైపులో దాని స్థానంలో దోపింది. ఆ పనంతా అతని వైపు చూడకుండా చేసింది.

"చాలా బాధగా ఉంది," అంది చివరికి. "ఎంత బాధగా ఉందో తర్వాత తీరిగ్గా చెబుతాను. లైన్లన్నీ సున్నం పట్టాయి. మొత్తం విప్పి కడగాలి. రెండ్రోజుల పని. రేపు పొద్దున ఆరింటికి రా. ఆలస్యమైతే తెలుసుగా."

ఆవిడ మెట్లెక్కి వెళ్ళిపోయింది. బాబాయి గోడకి ఆనుకుని కూర్చుని, బూటు మడమలోంచి రేడియో తీసి చెవికి పెట్టుకున్నాడు. అవతల పెదనాన్న ఉత్సాహంగా ఉన్నాడు.

"శభాష్! మిషన్ సక్సెస్. ఈ రాత్రికే ఆ ఊరు వదిలెయ్. నీ పేరు, జుట్టు, అన్నీ మారాలి. రేపు పొద్దున కొత్త అసైన్‌మెంట్."

"రేపు కుదరదు సార్."

"కుదరకపోవడమేంటయ్యా? ఇది ఆర్డర్! ఏం పనుంది నీకు?"

బాబాయి చేతులకంటిన మందు ప్యాంటుకి తుడుచుకోబోయాడు. అది వదల్లేదు.

"పైపులు కడగాలి సార్," అన్నాడు. "అక్కయ్యగారు ఆరింటికి రమ్మన్నారు."